డబ్బా మనది, కన్నెవరిది?

2025 మే 7 సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగింది, గుర్తుందా? దేశమంతా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్. మన ఊళ్ళో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి, ఈ నాలుగు చోట్ల. నాకు ఆ రోజు వర్క్ ఫ్రం హోం. తిరుమలగిరిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీదకెక్కి చూశాను. ఎండ ఇంకా మాడ్చేస్తోంది. ఎదురు బిల్డింగ్ మీద ఒకావిడ వడియాలు ఎత్తుతోంది. దూరంగా సైరన్ వినపడుతున్నంతసేపూ ఆకాశం వైపోసారి, వడియాల వైపోసారి చూసి, చివరికి వడియాలకే ఓటేసింది. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

ఎందుకంటే అదే సాయంత్రం మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో జరిగింది చూస్తే ఆవిడే నయం. మొదట పవర్ బ్యాంకులన్నారు, తర్వాత నీళ్ళ డ్రమ్ములన్నారు, రాత్రి తొమ్మిదయ్యేసరికి ఒక మహానుభావుడు "నైట్ విజన్ బైనాక్యులర్, ఏడు వేల చిల్లర, ఆఫర్ లో ఉంది" అని లింకు పడేశాడు. బ్లాకవుట్ అయితే మనకి మాత్రం కనపడుతుందట. పన్నెండు లోపు నలుగురు ఆర్డర్ పెట్టేశారు. నలుగురూ బీటెక్కే, అందులో ఇద్దరు ఈసీఈ. అందుకే ఈ టపా. వాళ్ళకి గ్రూపులో చెప్తే "నువ్వు మొదలెట్టకురా బాబూ" అంటారు కాబట్టి ఇక్కడ మొదలెడుతున్నాను.

ముందు ఆ ఏడు వేల సంగతి. అది చీకట్లో చూసే యంత్రం కాదు. మామూలు డిజిటల్ కెమెరా, పక్కన ఒక ఇన్‌ఫ్రారెడ్ టార్చి. అంతే! మీ ఇంటి ముందు సీసీ కెమెరా చుట్టూ రాత్రిపూట మందంగా ఎర్రగా వెలిగే చుక్కలున్నాయే, అవే ఎల్ఈడీలు. సాధారణంగా 850 నానోమీటర్లవి. మన కంటి చూపు 700 దగ్గర ఆగిపోతుంది, సిలికాన్ సెన్సరు ఇంకాస్త దూరం చూస్తుంది, ఆ సందులో జరిగే వ్యాపారం ఇది. టీవీ రిమోట్ ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కితే చాలా ఫోన్లలో మెరుపు కనపడుతుంది, అదే కిటుకు. అంటే మీరు చీకట్లో కనపడని టార్చి వేసుకుని తిరుగుతున్నారు. అవతలివాడి దగ్గర కూడా అలాంటి డబ్బాయే ఉంటే వాడికి ముందు కనపడేది మీరే, దీపావళి చిచ్చుబుడ్డిలాగా. యుద్ధానికి పనికిరాదు, దొంగలకి పనికిరాదు. కుక్క మేడ మీద ఏం చేస్తోందో చూసుకోవచ్చు.

అసలు నైట్ విజన్ వేరు. మా పక్క ఫ్లాట్లో ఒక రిటైర్డ్ సుబేదార్ గారుంటారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు, ఈఎంఈలో చేసి ఇక్కడే స్థిరపడిపోయారు. తిరుమలగిరి వైపు ఏ వీధికెళ్ళినా ఇలాంటివాళ్ళొకరుంటారు. ఈ పరికరాల రిపేరే ఆయన పని. నక్షత్రాల వెలుతురులో ఉన్న నాలుగు ఫోటాన్లు లోపలి ఫోటోకాథోడ్ మీద పడి ఎలక్ట్రాన్లవుతాయి. అవి మైక్రోఛానల్ ప్లేటు అనే సన్నటి గాజు బిళ్ళలో లక్షల సూక్ష్మ రంధ్రాల గుండా పోతూ వేల రెట్లవుతాయి. చివర్లో ఫాస్ఫర్ తెర మీద పచ్చటి బొమ్మ. సినిమాల్లో చూసే ఆకుపచ్చ అదే. ఇదంతా మన బొటనవేలంత ట్యూబులో, వాక్యూంలో జరుగుతుంది. పట్టపగలు మూత తీసి ఆన్ చేస్తే ట్యూబు పాడవుతుంది. అందుకని పగటిపూట ట్రైనింగ్ కి మూత మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం పెడతారని ఆయనే చెప్పారు.

నేను అమాయకంగా అడిగాను, "మీరు అన్నీ రిపేరు చేసేవారా అంకుల్?" అని.

"బ్యాటరీ డబ్బా మార్చేవోళ్ళం బాబూ. లెన్సు తుడిచేవోళ్ళం, స్విచ్చి మార్చేవోళ్ళం. ట్యూబు పోతే మాత్రం కాయితం రాసేవోళ్ళం."

ఇన్నేళ్ళలో మన స్వావలంబన గురించి నేను విన్న అతి చిన్న, అతి ఖచ్చితమైన రిపోర్టు ఇదే.

మూడోది థర్మల్. దీనికి వెలుతురే అక్కర్లేదు. ఒంటివేడి ఉన్న మనిషి 10 మైక్రాన్ల ప్రాంతంలో తానే ఒక దీపం, మన కంటికి తెలీదు, అంతే. 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య చూసే ఈ కెమెరాకి మామూలు గాజు గోడలాంటిది. కిటికీ అద్దంలోంచి కూడా చూడలేదు. కాబట్టి లెన్సు జెర్మేనియంతో చెయ్యాలి. (సినిమాల్లో హీరో థర్మల్ కెమెరాతో అద్దాల బిల్డింగ్ లోపల విలన్లని లెక్కపెడుతుంటాడు చూడండి, అది అబద్ధం.) కానీ పొగలోంచి మాత్రం చాలావరకు చూస్తుంది. ఈ మాట పట్టుకోండి, ఇక్కడే నాకు మండేది.

మా గ్రూపు పెద్దమనుషులు పాకిస్తాన్ డ్రోన్ల కోసం నైట్ విజన్ కొన్నారు కదా. సికింద్రాబాదులో ఈ మధ్య మనుషులు దారి కనపడక చచ్చిపోయింది ఎక్కడ? 2022 సెప్టెంబర్ 12 రాత్రి రూబీ లాడ్జి, కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ లో మంటలు, పైకి పొగ, 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు, అందరూ పాతికేళ్ళ అటూ ఇటూ వయసు పిల్లలు. ఆఫీసుకెళ్ళినవాళ్ళు. మనలాగే సిస్టమ్ ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళని చంపింది మంట కాదు, పొగ. ఒక థర్మల్ కెమెరా ఉంటే బతికేవాళ్ళని నేననడం లేదు. మెట్ల దారులు, అడ్డం పెట్టిన సామాన్లు, తాళాలు, అదంతా వేరే పాపాల చిట్టా. నేననేది ఒకటే. మన ఊరికి తెలిసిన చీకటి పొగచీకటి, దాన్ని చూడగల కన్ను ప్రపంచంలో ఉంది, ఫైర్ వాళ్ళు చాలా దేశాల్లో చేత్తో పట్టుకుని లోపలికెళ్తున్నారు. మన దగ్గర్లోని ఫైర్ స్టేషన్ లో అలాంటివి ఎన్నున్నాయి అని మా గ్రూపులో ఒక్కడూ అడగలేదు. బైనాక్యులర్ కి ఈఎంఐ ఉందా అని మాత్రం అడిగారు.

సరే, స్వావలంబన దగ్గరకొద్దాం. 2025 అక్టోబర్ 16న ప్రధాని కర్నూలు వచ్చినప్పుడు జాతికి అంకితం చేసినవాటిలో కృష్ణా జిల్లా నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కట్టిన నైట్ విజన్ ఫ్యాక్టరీ ఒకటుంది. దాదాపు 360 కోట్లు. ఆ రోజు నా ఫోన్ నిండా "తెలుగువాడి కన్ను" టైపు పోస్టర్లే. నాకూ సంతోషమే, నిజంగా. ఎందుకంటే ఇది నిన్న మొన్న ఊడిపడింది కాదు. మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని స్వాతంత్ర్యానికి ముందునుంచీ శాస్త్రీయ పరికరాలు చేసే సంస్థ ఉండేది. 1983లో దాన్ని బీఈఎల్ కలుపుకుంది. సైన్యానికి రాత్రి చూపు పరికరాలు మన బందరు నుంచి వెళ్తున్నాయంటే వెనక ఆ చరిత్రంతా ఉంది. బందరంటే లడ్డూ, కలంకారీ అనుకునేవాళ్ళు ఇది కూడా కలుపుకోండి.

కానీ పోస్టరు వేసినవాళ్ళని ఒక్క ప్రశ్న అడగాలనిపించింది. ఆ డబ్బా లోపల కన్ను ఎవరిది?

ట్యూబుల కథ చూడండి. 1990లో పుణేలో బీఈఎల్ వాళ్ళు హాలెండుకి చెందిన డెల్ఫ్ట్ తో కలిసి ట్యూబుల కంపెనీ పెట్టారు. తర్వాత అది పూర్తిగా బీఈఎల్ చేతికొచ్చింది. ఆపైన మంచి రకం ట్యూబుకి మళ్ళీ ఫోటోనిస్ దగ్గర టెక్నాలజీ తెచ్చుకున్నాం. అంటే ట్యూబు ఇక్కడే తయారవుతోంది, రెసిపీ మాత్రం వాళ్ళది. రెసిపీ వాళ్ళదైతే ఏమవుతుంది? వాళ్ళు తర్వాతి తరానికి వెళ్ళిపోతారు, మనం మళ్ళీ చేతులు కట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాం. థర్మల్ డిటెక్టర్ల విషయంలో అయితే ఎక్కువగా ఫ్రాన్సు, ఇజ్రాయెల్ వైపు చూస్తూ వచ్చాం. ఢిల్లీలో డీఆర్‌డీఓ సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ ల్యాబు ఏళ్ళ తరబడి ఈ డిటెక్టర్ల మీద కష్టపడుతోంది, కాదనను. 2024 సెప్టెంబర్ లో అమెరికాతో కలిసి ఇన్‌ఫ్రారెడ్ చిప్పుల ఫ్యాబ్ అని ప్రకటన కూడా వచ్చింది. ప్రకటన వేరు, ఫ్యాబ్ వేరు అని మనకి చెప్పాలా?

ఇక్కడ నా సొంత కథ చెప్పకపోతే అన్యాయం. 2019లో బీటెక్ అవ్వగానే చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పేరొద్దు. థర్మల్ కెమెరాలు చేసేవాళ్ళం. "చేసేవాళ్ళం" అంటే ఏంటో వినండి. బయటి దేశం నుంచి అగ్గిపెట్టెంత మాడ్యూలు నురుగు పెట్టెలో వస్తుంది. దాంతోపాటు ఒక లైబ్రరీ, సోర్స్ ఉండదు, దాన్ని విప్పి చూడమని సంతకం పెట్టాలి. ఎవరికి అమ్ముతామో, దేనికి వాడతారో రాసి ఇవ్వాలి. దానికి మేం అల్యూమినియం ఒళ్ళు, బ్యాటరీ, తెర పెట్టేవాళ్ళం. తెర మీద మెనూ రాసింది నేనే. పైన మూడు రంగుల స్టిక్కరు. ఆ స్టిక్కరు మాత్రం నిస్సందేహంగా స్వదేశీ, బాలానగర్ లో ప్రింటు చేయించాం.

ఒక కస్టమరు బొమ్మ కుదుపుగా వస్తోందని కంప్లైంటు పెట్టాడు. మనిషి నడుస్తుంటే పాతకాలం మూకీ సినిమాలాగా ఎగిరెగిరి పడుతున్నాడు. నాకు అప్పగించారు. థ్రెడ్లు చూశాను, బఫర్లు చూశాను, యూఎస్‌బీ బ్యాండ్‌విడ్త్ లెక్కలేశాను. ఆదివారాలు కూడా వెళ్ళాను. రెండు వారాలయ్యాక మా సీనియర్ దగ్గరకెళ్ళి, "అన్నా, డ్రైవర్ లోనే ఏదో బగ్గుంది, ఎంత చేసినా సెకనుకి తొమ్మిది ఫ్రేములు దాటట్లేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అది బగ్ కాదు తమ్మీ, లైసెన్సు. మనకు గంతే ఇస్తరు."

విషయమేంటంటే, అమెరికా ఎగుమతి నిబంధనల్లో సెకనుకి 9 ఫ్రేములు, అంతకంటే తక్కువ ఇచ్చే థర్మల్ కెమెరాలకి ఒక తేలిక దారి, అంతకంటే వేగంగా ఇచ్చేవాటికి గట్టి కాపలా. ఫోనుకి తగిలించుకునే థర్మల్ కెమెరాలు చాలావరకు ఆ గీత కిందే ఎందుకు ఆగిపోతాయో ఇప్పుడు తెలిసిందా? మా మాడ్యూల్ కీ అదే గీత గీశారు. సెన్సరుకి ఇంకా వేగంగా చూసే శక్తి ఉండొచ్చు. వేరే దేశంలో ఎవరో ఒక ఆఫీసులో గీసిన గీత, ఫర్మ్‌వేర్ లో ఒక అంకెగా మారి, చర్లపల్లిలో నా రెండు ఆదివారాలు తినేసింది. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు అర్థమైన స్వావలంబన పాఠం అదే.

"ఏం, ఐఫోన్ లో కెమెరా సెన్సర్ సోనీది కాదా? అన్నీ మనమే చెయ్యాలా?" అని మీరడుగుతారు. అడగండి. సోనీవాడు మీరు ఎవరి ఫోటో తీస్తారని అడగడు. వీళ్ళు అడుగుతారు. అడగడంలో తప్పు కూడా లేదు, వాళ్ళ దగ్గర ఉన్నది అలాంటి వస్తువు. 2007లో అమెరికాలో ఐటీటీ అనే కంపెనీ, వాళ్ళ సైన్యానికే నైట్ విజన్ చేసిచ్చే కంపెనీ, ఆ సమాచారాన్ని అక్రమంగా బయటి దేశాలకి పంపినందుకు నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు కట్టింది. సొంత కంపెనీనే వదల్లేదంటే ఆ కన్నుని ఎంత భద్రంగా దాచుకుంటున్నారో చూడండి. మనం మాత్రం స్టిక్కరేసుకుని సంబరపడుతున్నాం. 2023 ఆగస్టు నుంచి చైనా గాలియం, జెర్మేనియం ఎగుమతికి పర్మిషన్లు పెట్టింది. లెన్సుకి జెర్మేనియం, మంచి ట్యూబుల్లో ఫోటోకాథోడ్ కి గాలియం ఆర్సెనైడ్. ఒక చివర పశ్చిమం తాళం, ఇంకో చివర తూర్పు తాళం, మధ్యలో మనం సీసీ రోడ్డేసుకుని కూర్చున్నాం.

అలాగని మనకి చేతకాదా అంటే, చేతనవుతుందని చెప్పే కథ ఇదే ఊళ్ళో ఉంది, అందుకే కడుపు మండేది. నాగ్ క్షిపణి. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమంలో ఒకటి. ట్యాంకు వేడిని చూసి వెంటాడే ఇన్‌ఫ్రారెడ్ కన్ను పని మన ఇమారత్ రీసెర్చ్ సెంటర్లో జరిగింది, క్షిపణి తయారీ భానూరు బీడీఎల్. దానికొచ్చిన చిక్కు ఏంటో తెలుసా? ఎండాకాలం. రాజస్థాన్ ఎడారిలో మిట్టమధ్యాహ్నం ఇసుకా అంతే వేడి, ట్యాంకూ అంతే వేడి. కన్నుకి రెండూ ఒకేలా కనపడతాయి. చల్లటి దేశాల్లో పుట్టిన పాఠ్యపుస్తకాల్లో ఈ చిక్కు ఇంత పెద్దది కాదు, మనకి మాత్రం ఇదే అసలు ప్రశ్న. 2010ల మొదట్లో జరిగిన ఎండాకాలం పరీక్షల్లో దూరం అందలేదు. అందరూ నవ్వారు. వాళ్ళు కన్నుని ఇంకా సున్నితంగా చేసుకుంటూ వచ్చారు. 2020 అక్టోబర్ 22న పోఖ్రాన్ లో ఆఖరి పరీక్ష నెగ్గింది. 37 ఏళ్ళు! మన స్ప్రింటు రెండు వారాలు. 37 ఏళ్ళంటే ఎన్ని స్ప్రింట్లో లెక్కేసుకోండి.

ఈ దేశానికి ఈ కన్ను ఎందుకో కూడా ఒక్కమాట. హైదరాబాదు కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28 రాత్రి కార్గిల్ లో లోన్ హిల్ మీదకి తన కంపెనీని తీసుకెళ్ళాడు, అక్కడే ప్రాణం వదిలాడు, మహావీర చక్ర వచ్చింది. అది పౌర్ణమి రాత్రి. పైన కూర్చున్న శత్రువుకి వెన్నెల్లో కింది కొండవాలు కనపడుతుంది. కిందనుంచి ఎక్కేవాడికి దాక్కునే చోటు లేదు. సుబేదార్ గారు ఈ సంగతి మాట్లాడుతూ ఆగిపోయారు, నేను ఇంక అడగలేదు. పదమూడేళ్ళ తర్వాత 2012లో ఆర్మీ ఛీఫ్ ప్రధానికి రాసిన ఉత్తరం పత్రికలకెక్కినప్పుడు, పదాతిదళానికి రాత్రి యుద్ధం చేసే శక్తి కొరవడిందన్న మాట అందులో ఉంది.

ఇప్పుడు మన సంగతి. ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, తిట్టండి, నేనూ కలుస్తాను. కానీ ఆ కన్ను చెయ్యాల్సింది ఎవరు? బ్యాండ్ గ్యాప్ అంటే తెలిసినవాళ్ళు, క్రిస్టల్ పెంచగలిగినవాళ్ళు, వాక్యూం ఛాంబరు దగ్గర నెలల తరబడి ఓపిగ్గా కూర్చోగలిగినవాళ్ళు. సెకండియర్ లో మనకి ఈడీసీ ఉంది. ఏం చదివాం? ఆల్ ఇన్ వన్ లో స్టార్ గుర్తులున్న ప్రశ్నలు. ఫోటోడయోడ్ బొమ్మ వేసి రెండు బాణాలు గీస్తే మార్కులు పడేవి. ఆ బాణాలు ఎటు నుంచి ఎటో ఇప్పుడు చెప్పమంటే మా బ్యాచ్ లో అరవై మందిలో నలుగురు చెప్తే గొప్ప. క్యాంపస్ కి వచ్చిన కంపెనీలు "ఏ బ్రాంచైనా ఒకటే" అన్నాయి. మనం అది మన గొప్ప అనుకున్నాం. నాలుగేళ్ళ చదువు అక్కర్లేదని మొహం మీద చెప్తే చప్పట్లు కొట్టిన జాతి మనది. తర్వాత అమీర్‌పేటలో మూడు నెలలు.

నేనేదో మినహాయింపు అనుకోకండి. చర్లపల్లిలో నా జీతం 22 వేలు. మా కంపెనీ నుంచి కాస్త దూరంలోనే సీ-మెట్ ఉంది, తెల్లూరియం లాంటి పదార్థాలని అతిశుద్ధంగా చేసే ప్రభుత్వ సంస్థ. రోజూ ఆ రోడ్డునే వెళ్ళేవాణ్ణి, లోపల ఏం చేస్తారని రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు. 2021లో హైటెక్ సిటీలో ఆఫర్ రాగానే రెట్టింపు జీతానికి దూకేశాను. ఇప్పుడు ఏదో దేశంలో ఎవరిదో కరెంటు బిల్లుల సాఫ్ట్‌వేర్ లో తేదీల ఫార్మాట్లు సరిచేస్తున్నాను. అమ్మకి ఆపరేషన్, చెల్లి పెళ్ళి, ఇవన్నీ ఉన్నాయి, కారణాలు అబద్ధం కాదు. కానీ "మనవాళ్ళకి తెలివి లేదు" అని టీ దగ్గర వాగే హక్కు నాకు లేదు. మా సీనియర్ ఇంకా అక్కడే ఉన్నాడు. నాకు చెప్పుకోడానికి సిగ్గుగా ఉండేది అదే.

కాబట్టి నా గొడవ ఇంతే. అసెంబ్లీని అసెంబ్లీ అనండి, స్వావలంబన అనకండి. అసెంబ్లీ నామోషీ కాదు, అక్కణ్ణించే మొదలవ్వాలి, నిమ్మలూరు నిజంగా అలాంటి మొదలే కావచ్చు. కానీ స్టిక్కరు చూసి ఆగిపోతే పుణేలో మొదలెట్టి ముప్పై ఐదేళ్ళయినా రెసిపీ కోసం ఎదురుచూసినట్టే ఉంటుంది. ఈసారి ఎవరైనా స్వదేశీ థర్మల్ కెమెరా అని మీకు చూపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. డిటెక్టరు ఎక్కడిది, లెన్సుకి జెర్మేనియం ఎక్కడిది, ఫ్రేం రేటు ఎంత. మూడో ప్రశ్నకి తడబడితే మొదటిదానికి జవాబు మీకే తెలిసిపోతుంది. మన సంఘాలు ఏటా ఉగాదికి ఖర్చుపెట్టే డబ్బులో కొంచెం ఒక్క కాలేజీ డివైసెస్ ల్యాబుకివ్వండి. డబ్బులుండి అమెరికాలో ఉన్నవాళ్ళకీ చెప్తున్నాను, హాస్టల్ కి ఫ్యాన్లు చాలు, ఒక వాక్యూం పంపు కొనివ్వండి.

అన్నట్టు ముందుజాగ్రత్త అనేది నిజంగానే కావాలంటే, అదీ చేసి చూశాం. స్వప్నలోక్ తర్వాత మా అపార్ట్‌మెంట్ మీటింగ్ లో చాలా మాట్లాడుకున్నారు, ఏమీ జరగలేదు. మాక్ డ్రిల్ ఊపు చల్లారకముందే నేను పాత ఆఫీసు సీనియర్ ని బతిమాలి ఒక కెమెరా ఒక్క ఆదివారం కోసం తెచ్చాను. అదే తొమ్మిది ఫ్రేముల కెమెరా. పరిగెత్తే మనిషికి అది చాలదు గానీ, గోడకి బిగించిన కరెంటు ప్యానెల్ ఎక్కడికీ పరిగెత్తదు కదా. సెల్లార్ లో మీటర్ల గది తలుపు తీయించి చూశాం. వైర్లన్నీ ముదురు ఊదారంగులో చల్లగా ఉన్నాయి. ఒక్క ఫేజు వైరు మాత్రం, టెర్మినల్ దగ్గర జానెడు మేర, తెల్లగా మండిపోతోంది. పక్కవి నలభై డిగ్రీల దగ్గరుంటే అది తొంభై చూపిస్తోంది. బోల్టు వదులైంది. పైన ముప్పై రెండు ఫ్లాట్లు, పక్కనే ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగులో.

సుబేదార్ గారు కెమెరా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. మూడు రంగుల స్టిక్కరు మీద వేలు పెట్టి, "లోపలిది?" అన్నారు.

"బయటిదే అంకుల్."

"ఊఁ" అని నా చేతికిచ్చేసి, మెయిన్ ఆపించడానికి ఎలక్ట్రీషియన్ కి ఫోన్ చేశారు.